ఎంపీ చేత పార్లమెంటులో అడిగించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎక్స్‌ప్రెస్ రైలు ఆగదు. పోస్టాఫీసులో సర్వర్ పనిచేయదు. ఫోన్ సిగ్నల్ కోసం మేడ ఎక్కాలి. అర్జీలు ఇచ్చి ఇచ్చి విసిగినవాళ్లు చివరికి "ఎంపీ గారితో పార్లమెంటులోనే అడిగిస్తాం" అంటారు. అడిగించడం అనుకున్నంత కష్టం కాదు. అడిగించి ఊరుకుంటే మాత్రం పెద్దగా ఒరిగేదీ లేదు. ఈ రెండింటి మధ్య సామాన్యులకు వచ్చే సందేహాలకు ఇక్కడ జవాబులున్నాయి.

ఏ సమస్యకైనా ఎంపీ దగ్గరికే వెళ్లవచ్చా?

వెళ్లవచ్చు, అర్జీ తీసుకుంటారు, ఫొటో కూడా దిగుతారు. కానీ పార్లమెంటులో కేంద్ర మంత్రి జవాబు చెప్పాల్సింది తన శాఖ పరిధిలో ఉన్న విషయానికే. రైళ్లు, తపాలా, టెలికం, ప్రభుత్వ రంగ బ్యాంకులు, పాస్‌పోర్టులు, జాతీయ రహదారులు, విమానాశ్రయాలు, భవిష్య నిధి కేంద్రానివి. ఆర్టీసీ బస్సు, ఏరియా ఆసుపత్రి, పోలీసు స్టేషను, భూముల రికార్డులు రాష్ట్రానివి. వాటిని ఎమ్మెల్యే అసెంబ్లీలో అడగాలి. కరెంటు ఉమ్మడి జాబితాలో ఉన్నా, మీ వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే బాధ్యత రాష్ట్ర డిస్కందే.

కేంద్రం డబ్బిచ్చి రాష్ట్రం నడిపే పథకాల దగ్గర చిక్కు వస్తుంది. ఇంటింటికీ కుళాయి నీరిచ్చే జల్ జీవన్ మిషన్‌నే తీసుకోండి. "మా ఊళ్లో కుళాయి ఎందుకు రావడం లేదు" అని అడిగితే "నీటి సరఫరా రాష్ట్రాల అంశం" అని ఒక్క వాక్యంతో తేల్చేస్తారు. "మా రాష్ట్రానికి ఏటా ఎంత విడుదల చేశారు, అందులో ఎంత ఖర్చయినట్టు రాష్ట్రం లెక్క చూపింది" అని అడిగితే మాత్రం తప్పించుకునే దారి లేదు, ఎందుకంటే విడుదల చేసింది వాళ్లే.

మా ఎంపీ కేంద్ర మంత్రి. ఆయన ప్రశ్న అడుగుతారా?

అడగరు. మంత్రులు జవాబు చెప్పే పక్షాన ఉంటారు. 2024 ఎన్నికల తర్వాత ఏర్పడిన ప్రభుత్వంలో శ్రీకాకుళం, గుంటూరు, నరసాపురం, సికింద్రాబాద్, కరీంనగర్ ఎంపీలు మంత్రులయ్యారు. స్పీకరు కూడా ప్రశ్నలు వేయరు. జి.ఎం.సి. బాలయోగి స్పీకరుగా ఉన్న కాలంలో అమలాపురం వాసులదీ ఇదే పరిస్థితి.

అయితే ఇది పెద్ద అడ్డంకి కాదు. ప్రశ్న అడగడానికి ఎంపీ మీ నియోజకవర్గం వారే కావాలన్న నియమం లేదు. పక్క నియోజకవర్గం ఎంపీ అడగవచ్చు, రాజ్యసభ సభ్యులూ అడగవచ్చు. ఆంధ్రప్రదేశ్‌కు లోక్‌సభలో 25, రాజ్యసభలో 11 స్థానాలు, తెలంగాణకు 17, 7 స్థానాలు ఉన్నాయి. రాజ్యసభ సభ్యుల దగ్గరికి అర్జీలతో వెళ్లేవాళ్లు తక్కువ, కాబట్టి అక్కడ మీ కాగితం చదివించుకునే అవకాశం ఎక్కువ. ఈ దారిని మనవాళ్లు ఎందుకు వాడుకోరో నాకు అర్థం కాదు.

జీరో అవర్‌లో మాట్లాడించడం మంచిదా, ప్రశ్న వేయించడం మంచిదా?

నన్నడిగితే ప్రశ్నే, అదీ రాతపూర్వక జవాబు వచ్చే నక్షత్ర గుర్తు లేని ప్రశ్న. జీరో అవర్ అంటే సభ్యులు అత్యవసర విషయాలను క్లుప్తంగా లేవనెత్తే సమయం. చాలామంది ఎంపీలు జీరో అవర్ వైపు మొగ్గుతారు, కారణం తెలిసిందే. అక్కడ మాట్లాడిన నిమిషం వీడియో సాయంత్రానికల్లా నియోజకవర్గం వాట్సాప్ గ్రూపులన్నింటికీ చేరుతుంది. కానీ జీరో అవర్ అనేది సభా నియమాల పుస్తకంలో లేదు, 1960ల నుంచి ఆచారంగా వస్తోంది. అక్కడ లేవనెత్తిన విషయానికి అప్పటికప్పుడు జవాబు చెప్పాల్సిన బాధ్యత మంత్రికి లేదు. పక్కనున్న సభ్యులు బల్లలు చరుస్తారు, తర్వాతి పేరు పిలుస్తారు.

దానికంటే ఒక మెట్టు పైన 377వ నిబంధన ఉంది. లోక్‌సభలో ఎంపీ 250 పదాలకు మించని ప్రకటనను చదువుతారు లేదా సభ ముందుంచుతారు. రాజ్యసభలో దీనికి సాటి ప్రత్యేక ప్రస్తావన. వీటికి సంబంధిత శాఖ నెలలోపు ఎంపీకి లేఖ ద్వారా జవాబు పంపాలన్నది నియమం. ఆలస్యాలు మామూలే, అయినా చేతికి ఒక కాగితం వస్తుంది.

ప్రశ్న సంగతి వేరు. దానికి నిర్ణీత తేదీన జవాబు చెప్పి తీరాలి. ఆ జవాబు సభ రికార్డులోకి వెళుతుంది. అందులో తప్పుడు సమాచారం ఇస్తే సభాహక్కుల వ్యవహారం అవుతుంది కాబట్టి, కింది డివిజన్ కార్యాలయం నుంచి ఢిల్లీ వరకు ప్రతి గుమస్తా ఆ ఫైలును ఒకటికి రెండుసార్లు చూస్తాడు. మీ అర్జీని ఏడాదిగా బీరువాలో పెట్టుకున్న కార్యాలయమే "పార్లమెంటు ప్రశ్న" అని ముద్ర పడిన ఫైలుకు రెండు మూడు రోజుల్లో లెక్కలు పంపిస్తుంది. ప్రశ్న అసలు బలం అదే.

నక్షత్ర గుర్తు ఉన్నది, లేనిది. తేడా ఏమిటి?

నక్షత్ర గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబిస్తారు. దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. లోక్‌సభలో రోజుకు అలాంటివి 20, రాజ్యసభలో 15. ఏవి రావాలో లాటరీలో తేలుతుంది. లోక్‌సభ జాబితాలోని 20లో ప్రశ్నోత్తరాల గంటలోపు నోటి జవాబు దక్కేవి సాధారణంగా అయిదారు మాత్రమే. మిగతావాటికి రాతపూర్వక జవాబే గతి.

నక్షత్ర గుర్తు లేనివాటికి మొదటి నుంచీ రాతపూర్వక జవాబే. లోక్‌సభలో రోజుకు 230, రాజ్యసభలో 160 వరకు తీసుకుంటారు. పట్టికలు, జిల్లాల వారీ అంకెలు, అనుబంధాలు దొరికేది ఇక్కడే. సేవల మీద లెక్కలు రాబట్టాలంటే ఇదే సరైన చోటు. మంత్రిని నిలబెట్టి ఇరుకున పెట్టాలన్న కోరిక ఉంటే నక్షత్రం కోసం ప్రయత్నించవచ్చు, లాటరీ తగలాలి.

మేము ఎంపీకి ఏమి రాసి ఇవ్వాలి?

ఎక్కువమంది రెండు పేజీల ఆవేదన రాసి ఇస్తారు. దాన్నుంచి ఎంపీ కార్యాలయంలో ఎవరో హడావుడిగా ఇలా ఒక ప్రశ్న తయారు చేస్తారు: "ఆంధ్రప్రదేశ్‌లోని పోస్టాఫీసుల్లో సర్వర్ సమస్య వల్ల ప్రజలు తీవ్ర ఇబ్బందులు పడుతున్న మాట వాస్తవమేనా? అయితే, ప్రభుత్వం తీసుకుంటున్న చర్యలేమిటి?" దీనికి వచ్చే జవాబును నేను ఇప్పుడే చెప్పగలను. మొదటి భాగానికి "లేదండి." రెండో భాగానికి "పై జవాబు దృష్ట్యా ఈ ప్రశ్న తలెత్తదు." అంతటితో మీ ఊరి సమస్య అధికారికంగా లేకుండా పోయింది.

అదే విషయాన్ని ఇలా అడిగి చూడండి:

(అ) ఫలానా తపాలా డివిజన్‌లో గత ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు, ఒక గంటకు మించి లావాదేవీలు నిలిచిపోయిన సబ్ పోస్టాఫీసులు, బ్రాంచి పోస్టాఫీసులు నెలవారీగా ఎన్ని;
(ఆ) అందుకు కారణాలు, అంటే కనెక్షన్, విద్యుత్తు, సాఫ్ట్‌వేర్, పరికరం, విడివిడిగా ఏమిటి;
(ఇ) కనెక్షన్ ఇచ్చే సంస్థతో ఒప్పందంలో రాసుకున్న పనితీరు ప్రమాణం ఏమిటి, అది తప్పినందుకు విధించిన జరిమానా ఎంత;
(ఈ) ఈ డివిజన్‌లో ప్రత్యామ్నాయ కనెక్షన్ ఏర్పాటుకు పెట్టుకున్న గడువు ఏమిటి?

ఇందులో "తీవ్ర ఇబ్బందులు" లేవు, విశేషణమే లేదు. ప్రతి భాగానికీ ఒక అంకెనో ఒక తేదీనో జవాబుగా రావాలి. (ఇ) భాగాన్ని ప్రత్యేకంగా గమనించండి. పింఛను డబ్బు తీసుకోవడానికి వచ్చిన ముసలమ్మ మీద బ్రాంచి పోస్టుమాస్టరు విసుక్కుంటాడు, ఆమె ఆయన్ని తిడుతుంది. నిజానికి జవాబుదారీ ఎక్కడో గుత్తేదారు ఒప్పందంలో ఉంటుంది. ఆ ఒప్పందాన్ని బయటికి లాగగలిగేది ఇలాంటి ప్రశ్నే.

లోక్‌సభలో ప్రశ్న సాధారణంగా 150 పదాలు దాటకూడదు. నాలుగైదు భాగాలు చాలు. దీనితో పాటు ఆధారాలు, అంటే సేవ ఆగిన తేదీలు, రసీదులు, ఫిర్యాదు నంబర్లు, ఒక్క పేజీలో జత చేయండి. ఆ పేజీ ఎంపీ కోసం, ప్రశ్నలో చేర్చడానికి కాదు.

ఎప్పుడు ఇవ్వాలి?

ప్రశ్నకు కనీసం 15 పూర్తి రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. బడ్జెట్ సమావేశాలు జనవరి చివర, వర్షాకాల సమావేశాలు ఎక్కువగా జులైలో, శీతాకాల సమావేశాలు నవంబరు చివర లేదా డిసెంబరులో మొదలవుతాయి. సమావేశాల తేదీలు పత్రికల్లో వచ్చిన వెంటనే మీ కాగితం ఎంపీ కార్యాలయంలో ఉండాలి. నియోజకవర్గంలోని క్యాంపు కార్యాలయంలో ఒక ప్రతి ఇచ్చి, ఢిల్లీలో ప్రశ్నలు చూసే సహాయకుడికి మరొకటి పంపండి. ఈ రెండు కార్యాలయాలూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయని నమ్మి కూర్చోకండి.

ప్రశ్నను తిరస్కరిస్తే?

తిరస్కరించే అధికారం లోక్‌సభలో స్పీకరుకు, రాజ్యసభలో ఛైర్మన్‌కు ఉంది. కోర్టు విచారణలో ఉన్న అంశం, రాష్ట్ర పరిధిలోనిది, ఆరోపణలూ వాదనలూ నిండినది, ఊహాజనితమైనది, ఇదివరకే జవాబు వచ్చినది, మరీ చిన్న పాలనా వివరం అడిగేది నిలబడవు. ఒక స్టేషనులో ఒక బుకింగ్ కౌంటరు గురించి అడిగితే చివరి కారణంతో పోయే ప్రమాదం ఉంది. డివిజన్ మొత్తం మీద అడిగి, స్టేషన్ల వారీ వివరాలు కోరితే నిలుస్తుంది.

రేపే పరిష్కారం కావాల్సిన అంతరాయానికి 15 రోజులు ఆగాలా?

ఆగనక్కరలేదు. అప్పుడు వేరే ఆయుధాలున్నాయి. లోక్‌సభలో 197వ నిబంధన కింద, అత్యవసర విషయం మీదికి మంత్రి దృష్టి మళ్లించే సావధాన తీర్మానం ఇస్తే మంత్రి ప్రకటన చేయాలి. 193వ నిబంధన కింద స్వల్పకాలిక చర్చ కోరవచ్చు. సభ మామూలు పని ఆపి చర్చించాలని కోరే వాయిదా తీర్మానం మరీ తీవ్రమైనది, ఎప్పుడో గానీ అనుమతించరు. జీరో అవర్ నిజంగా పనికొచ్చేది ఇలాంటి వేళే.

2025 డిసెంబరు మొదటి వారం గుర్తుందా? ఇండిగో విమానాలు వేలల్లో రద్దయి, శంషాబాద్‌తో సహా విమానాశ్రయాల్లో ప్రయాణికులు పెట్టెల మీదే నిద్రపోయారు. పైలట్ల విశ్రాంతి నిబంధనల రెండో దశ నవంబరు 1న అమల్లోకి వచ్చింది. కొత్త నిబంధనల్లో వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలకు పెరిగింది, ఒక పైలట్ చేయగలిగిన రాత్రి ల్యాండింగులు ఆరు నుంచి రెండుకు తగ్గాయి. దానికి తగ్గట్టు సంస్థ సిబ్బందిని సిద్ధం చేసుకోలేదు. అప్పుడే పార్లమెంటు శీతాకాల సమావేశాలు నడుస్తున్నాయి కాబట్టి విషయం వెంటనే సభకు ఎక్కింది. పౌర విమానయాన మంత్రి, శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు డిసెంబరు 8న రాజ్యసభలో జవాబు చెప్పాల్సి వచ్చింది. తర్వాత ఆ సంస్థ సర్వీసుల్లో 10 శాతం కోత పెట్టారు.

ఇక్కడ ప్రయాణికుల కష్టం కంటే నాకు ముఖ్యంగా కనిపించే ప్రశ్న మరొకటుంది. కొత్త నిబంధనలకు సంస్థ సిద్ధంగా ఉందా లేదా అని నియంత్రణ సంస్థ డీజీసీఏ ముందే సరిచూసిందా? చూస్తే ఏమి కనిపెట్టింది? సేవ ఆగినప్పుడు అందరూ సేవ చేసేవాణ్ని నిలదీస్తారు. పార్లమెంటు పని ఆ సేవ చేసేవాడి మీద కన్నేసి ఉంచాల్సినవాణ్ని నిలదీయడం. మీరు రాసే ప్రశ్నలో ఒక భాగమైనా ఎప్పుడూ పర్యవేక్షకుడి మీద ఉండాలి.

సభే సాగకపోతే మా ప్రశ్న గతి?

సేవల అంతరాయం గురించి అడగాల్సిన సభకే అంతరాయం కలగడం మనకు కొత్త కాదు. రాష్ట్ర విభజన వేళ, 2014 ఫిబ్రవరి 13న లోక్‌సభలో మిరియాల స్ప్రే కొట్టిన రోజు తెలుగువాళ్లు ఎలా మరచిపోతారు. సభ వాయిదా పడితే నోటి జవాబులు పోతాయి, అనుబంధ ప్రశ్నలు పోతాయి. రాతపూర్వక జవాబులు మాత్రం సభ ముందుకు వచ్చేస్తాయి. నేను నక్షత్రం లేని ప్రశ్నను పట్టుకు వేలాడడానికి ఇదొక కారణం. 2020 వర్షాకాల సమావేశాల్లో కోవిడ్ పేరుతో ప్రశ్నోత్తరాల సమయాన్నే ఎత్తేసినప్పుడు కూడా రాతపూర్వక జవాబులు ఇచ్చారు.

మంత్రి జవాబును ఎలా చదవాలి?

అందులో ఏముందో కాదు, ఏది లేదో చూడాలి. కొన్ని వాక్యాలు తరచుగా కనిపిస్తాయి.

"రైళ్లకు హాల్టులు కల్పించడం నిరంతర ప్రక్రియ. ప్రయాణికుల రద్దీ, నిర్వహణ సాధ్యాసాధ్యాలను బట్టి నిర్ణయిస్తాం." మామూలు తెలుగులో దీని అర్థం "కాదు" అని. కానీ రద్దీ అన్నారు కాబట్టి తర్వాతి ప్రశ్నలో ఆ స్టేషను టికెట్ల అమ్మకం లెక్క, హాల్టుకు రైల్వే పెట్టుకున్న ఆదాయ ప్రమాణం అడగవచ్చు.

"అటువంటి వివరాలను కేంద్రీకృతంగా నిర్వహించడం లేదు." ఇది ఒప్పుకోలు. తమ సేవ ఎన్నిసార్లు ఆగిందో తమకే తెలియదని శాఖ రాసిచ్చింది. దీన్ని పత్రికలకు ఇవ్వండి.

"సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందుంచుతాం." ఇది అన్నింటికంటే మంచి జవాబు, ఎందుకో కింది ప్రశ్నలో చూడండి.

మంత్రి హామీ ఇచ్చి మరచిపోతే ఎవరు అడుగుతారు?

అందుకోసమే ఒక కమిటీ ఉంది. లోక్‌సభలో ప్రభుత్వ హామీల కమిటీ 1953 నుంచి, రాజ్యసభలో 1972 నుంచి పనిచేస్తున్నాయి. "పరిశీలిస్తాం", "సమాచారం సేకరిస్తున్నాం" లాంటి మాటలు మంత్రి నోటి నుంచి వచ్చాయంటే వాటిని హామీలుగా నమోదు చేసుకుంటారు. మూడు నెలల్లో నెరవేర్చాలి, లేదంటే శాఖ గడువు పొడిగింపు కోరుతూ కారణం చెప్పుకోవాలి. శాఖ కార్యదర్శిని పిలిపించి అడిగే అధికారం కమిటీకి ఉంది.

దీని గురించి బయట ఎవరూ మాట్లాడరు. టీవీల్లో రాదు. కాని సేవల సమస్య తేలే చోటు చాలాసార్లు ఇదే. మీ ప్రశ్నకు వచ్చిన జవాబులో హామీ లాంటి మాట కనిపిస్తే, అది హామీగా నమోదైందో లేదో కనుక్కోమని ఎంపీ సహాయకుడికి తేదీ, ప్రశ్న సంఖ్యతో రాయండి.

ఒక్క ప్రశ్నతో ఎప్పుడైనా ఏమైనా కదిలిందా?

కదిలింది. 1957 సెప్టెంబరులో ఎంపీ రామ్ సుభగ్ సింగ్ లోక్‌సభలో ఎల్ఐసీ పెట్టుబడుల గురించి ఒక ప్రశ్న వేశారు. ప్రభుత్వం దాటవేత జవాబు ఇచ్చింది. ఆ జవాబును పట్టుకుని డిసెంబరులో ఫిరోజ్ గాంధీ కాగితాలతో సభకు వచ్చారు. హరిదాస్ ముంద్రా అనే వ్యాపారి కంపెనీల్లో పాలసీదారుల సొమ్ము కోటీ 20 లక్షలకు పైగా పెట్టిన వ్యవహారం బయటపడింది. ఫిరోజ్ గాంధీ అధికార పక్షం సభ్యుడే, పైగా ప్రధాని నెహ్రూ అల్లుడు. జస్టిస్ చాగ్లా కమిషన్ బహిరంగ విచారణ జరిపింది. ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి 1958 ఫిబ్రవరిలో రాజీనామా చేశారు. దాటవేత జవాబు కూడా పనికొస్తుందని చెప్పడానికే ఈ కథ.

మన నేల మీదిది ఇంకొకటుంది. 1956లో మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి రైలు పడిపోయి వందమందికి పైగా చనిపోయారు. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తే నెహ్రూ అంగీకరించలేదు. కొన్ని నెలలకే తమిళనాట అరియలూరులో మరో ప్రమాదం జరిగింది. ఈసారి శాస్త్రి పట్టుబట్టి తప్పుకున్నారు. అది ప్రశ్నతో జరిగింది కాదు, కానీ మంత్రిమండలి లోక్‌సభకు సమష్టిగా బాధ్యత వహించాలన్న 75వ అధికరణ మాటకు ప్రాణమున్న రోజులవి.

ప్రశ్న వేయించడానికి డబ్బు ఇవ్వాలా?

ఇవ్వకూడదు, అడిగినా ఇవ్వకూడదు. ప్రశ్నలకు డబ్బు తీసుకున్న వ్యవహారంలో 2005 డిసెంబరులో 11 మంది ఎంపీలను పార్లమెంటు బహిష్కరించింది, పదిమంది లోక్‌సభ వారు, ఒకరు రాజ్యసభ వారు. సభలో మాటకో ఓటుకో లంచం తీసుకున్న సభ్యుడికి రక్షణ ఉంటుందన్న 1998 నాటి పి.వి. నరసింహారావు కేసు తీర్పును 2024 మార్చి 4న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కొట్టివేసింది.

ఎంపీ తెలుగులో మాట్లాడవచ్చా?

హిందీ, ఇంగ్లిషు రాకపోతే మాతృభాషలో మాట్లాడేందుకు 120వ అధికరణ ప్రకారం స్పీకరు అనుమతించవచ్చు. ఆచరణలో తెలుగు ప్రసంగాలకు అప్పటికప్పుడు అనువాదం ఉంది. ప్రశ్నల జవాబులు మాత్రం ఇంగ్లిషు, హిందీల్లోనే వస్తాయి.

సమావేశాలు లేనప్పుడు ఏం చేయాలి?

జిల్లాలో దిశ కమిటీ ఉంటుంది. ఎంపీ అధ్యక్షత వహిస్తారు, కలెక్టరు సభ్య కార్యదర్శి. మూడు నెలలకోసారి కూర్చుని కేంద్ర పథకాల అమలును సమీక్షించాలి. మీ జిల్లాలో అది చివరిసారి ఎప్పుడు కూర్చుందో అడగండి, జవాబు ఆసక్తికరంగా ఉండవచ్చు. పిటిషన్ల కమిటీకి ఎంపీ ద్వారా విన్నపం పంపడం ఇంకో దారి. అది నిదానం, కానీ విచారిస్తుంది. ఎంపీ నిధులు ఏటా అయిదు కోట్లు ఆస్తుల నిర్మాణానికే. వాటితో రైలు ఆపలేరు.

జవాబు వచ్చింది, రైలు మాత్రం ఆగడం లేదు. తర్వాత?

జవాబును సంసద్ డాట్ ఇన్ నుంచి, దాని అనుబంధాలతో సహా దింపుకోండి. మంత్రి పేర్కొన్న అంకె మీ దగ్గరున్న అంకెతో తేడాగా ఉంటే, సమాచార హక్కు కింద పది రూపాయల రుసుముతో డివిజన్ కార్యాలయంలో ఆ లెక్క మూల పత్రాలు అడగండి. ముప్పై రోజుల్లో రావాలి. వచ్చిన తేడాను తర్వాతి సమావేశాలకు కొత్త ప్రశ్నగా రాసి ఇవ్వండి, ఈసారి పాత ప్రశ్న సంఖ్య, జవాబు తేదీ మొదటి వాక్యంలోనే ఉండాలి. ఆ జవాబు మీద అరగంట చర్చ కోరే హక్కు కూడా ఎంపీకి 55వ నిబంధన కింద ఉంది. ఆ సంగతి ఎంపీ గారికి తెలియకపోవచ్చు, మీ అర్జీలో నిబంధన సంఖ్య వేయండి.